కత్తెర పడిన పుస్తకము

పాత ఫ్రెంచి బాలల చిత్రపుస్తకములను సేకరించువారు మరకగాని చింపుగాని లేని ప్రతికే యధిక మూల్య మిత్తురు. ఈ కొలత యన్నిటికిని తగదని మా యభిప్రాయము.

గుస్తావ్ డోరే చిత్రములతో 1862లో వెలువడిన పెర్రో కథల సంపుటము విలువైన పెద్ద గ్రంథము. దానిని పదిలముగా నుంచుట న్యాయమే. 1931లో పారిసునందు పాల్ ఫోషే ప్రారంభించిన 'పేర్ కాస్తోర్' పుస్తకముల సంగతి వేఱు. అవి పలుచని యట్టలతో, స్వల్పమైన వెలకు, పిల్లల చేతులకొఱకే పుట్టినవి. వానిలో మొదటి రెండును నతాలీ పరేన్ చిత్రించినవే: ఒకటి కాగితములు కత్తిరించుటకు, రెండవది ముసుగులు చేసికొనుటకు. అందు కత్తెర వేసిన బాలుడు పుస్తకమును పాడుచేసినవాడు కాడు. ఫోషే కోరిన పనిని నెఱవేర్చినవాడు.

కత్తెర తగులని ప్రతులు మిగులనక్కఱలేదా యని కొంద రడుగుదురు. మిగులవలయును. అవి లేనిచో ఆ పుస్తక మెట్లుండెనో మన మెఱుగజాలము. ఆ ప్రచురణలకు సంబంధించిన పత్రములను యునెస్కో 2017లో ప్రపంచ స్మృతి పట్టికయందు చేర్చుటయు మంచిపనియే. కాని కత్తెర పడిన ప్రతిని, మొదటిపుటపై వంకర యక్షరములతో శిశువు పేరు వ్రాసికొన్న ప్రతిని తక్కువగా జూడరాదు. చెక్కుచెదరని ప్రతి పుస్తకమును దెలుపును. నలిగిన ప్రతి దానిని ప్రేమించిన శిశువును దెలుపును.

కావున విద్యార్థులారా, పాతపుస్తకము మీ చేతికి వచ్చినపుడు అందలి చిన్నవ్రాతను చెఱిపివేయకుడు. తల్లిదండ్రులారా, పుస్తకమును బీరువాలో నుంచి తాళము వేయుటకు ముందు, అది యెవరికొఱకు చేయబడినదో యొక్కమాఱు తలంపుడు.