వ్యాను కప్పుపై రెండో ప్యానెల్ అవసరమా?

మన నాగర్‌కర్నూల్ జిల్లా, అమ్రాబాద్ మండలం మాచారంలో 2025 మే 19న గిరిజన రైతుల సౌర పంపుసెట్ల కోసం ‘ఇందిర సౌర గిరి జల వికాసం’ పథకం ప్రారంభమైంది. సోలార్ ప్యానెల్ చేనికే పరిమితం కాదు. బల్మూర్ నుండి సంతలకూ దూరప్రయాణాలకూ వెళ్ళి, వ్యానులోనే రాత్రి గడిపే కుటుంబాలకూ అది ఆసరాయే.

అయితే ఫజ్ర్ వేళకు ముందే ఫ్యాను ఆగిపోతోందని చాలామంది రెండో ప్యానెల్ కొనబోతారు. సోదరులారా, ముందు లెక్క చూడండి. 12 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో 1,200 వాట్-అవర్ల విద్యుత్తు నిలువ ఉంటుంది. సీసపు బ్యాటరీ అయితే అందులో సగమే వాడుకోవాలి. పూర్తిగా పిండితే అది త్వరగా పాడవుతుంది. ఇన్వర్టర్ నష్టాన్ని అటుంచితే, ఆ 600తో 75 వాట్ల మామూలు ఫ్యాను ఎనిమిది గంటలు తిరుగుతుంది. 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను ఇరవై గంటలు! మార్చవలసింది ఏదో ఇల్లాలు ఇట్టే చెప్పగలదు.

లిథియం బ్యాటరీకి మారదలిస్తే, పాత ఛార్జ్ కంట్రోలర్‌లో దానికి తగిన అమరిక ఉందో లేదో చూడాలి. సీసపు బ్యాటరీతో దానిని జతచేయరాదు. ప్యానెల్‌కూ కప్పుకూ నడుమ గాలి ఆడే సందు వదలండి. వేడెక్కిన ప్యానెల్ తక్కువ విద్యుత్తునిస్తుంది.

బ్యాటరీ ప్లస్ కొసకు ఆనుకొని ఫ్యూజు తప్పక ఉండాలి. అనవసర ఖర్చనే మెకానిక్ మాట వినకండి. కుదుపులకు వైరు ఒరుసుకొని తొడుగు ఊడితే, మంట లేచేది పిల్లలు పడుకొన్న పరుపు క్రిందనే.