తాళం చేతిలో ఉంది, లైసెన్సే లేదు

తెల్లవారుజామున నాలుగున్నర. మేనత్త కొడుకు పెళ్లని ఖమ్మం నుంచి వచ్చిన నాన్న ఎంజీబీఎస్‌లో బస్సు దిగారు. చేతిలో రెండు బరువైన బ్యాగులు. నేను మియాపూర్‌లో ఫ్లాట్‌లో కూర్చుని ఆయనకి క్యాబ్ బుక్ చేస్తున్నా. ఒకటి క్యాన్సిల్. ఇంకోటీ క్యాన్సిల్. కింద పార్కింగ్‌లో కారుంది, తాళం నా చేతిలో ఉంది. లేనిదల్లా లైసెన్సే.

అంతకు నెల ముందు ఓ శనివారం రాత్రి, టీమ్ పార్టీ నుంచి వస్తూ డ్రంకెన్ డ్రైవ్ తనిఖీలో దొరికిపోయా. వంద మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే కేసే. 'రెండు బీర్లే కదా' అంటే మెషీన్ వినదు. కోర్టులో పది వేలు కట్టా. లైసెన్స్ మూడు నెలలు సస్పెండ్. ఇంట్లో మాత్రం చెప్పలేదు.

ఆ టైమ్‌లో రోడ్లు ఖాళీ, ఎవరు ఆపుతారులే అనుకుని లిఫ్ట్ దాకా వెళ్లా. కోర్టు నుంచి వచ్చిన రాత్రి భయంతో చదివిన రూల్స్ అక్కడ గుర్తొచ్చాయి.

మోటారు వాహనాల చట్టం ప్రకారం అసలు లైసెన్సే లేకుండా నడిపితే జరిమానా 5 వేలు. సస్పెండ్ అయ్యాక నడిపితే 10 వేలు, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. అంటే రెట్టింపు. వద్దని చెప్పాక కూడా నడిపాం కాబట్టి.

జరిమానా అయితే జీతంలోంచి కట్టేయొచ్చు. అసలు భయం ఇన్సూరెన్స్‌తో. సస్పెన్షన్‌లో ఉన్న మనిషి నడిపితే మన కారు డ్యామేజీకి క్లెయిమ్ రాదు. ఎవరినైనా గుద్దితే, బాధితులకు కంపెనీ ముందు డబ్బిచ్చినా, ఆ తర్వాత బండి ఓనర్ నుంచి వసూలు చేసుకోమని కోర్టు చెప్పొచ్చు. ప్రాణం పోతే ఆ మనిషి వయసు, సంపాదన, మీద ఆధారపడ్డ వాళ్లని బట్టి పరిహారం లెక్కకడతారు. అది లక్షల్లోనే ఉంటుంది.

మా కారు ఓనర్ ఎవరో తెలుసా? నాన్న. ఆర్‌సీ ఆయన పేరు మీదే ఉంది. లైసెన్స్ చెల్లని మనిషికి తెలిసి బండి ఇస్తే ఓనర్‌కీ 5 వేల జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు. ఏం జరిగినా నోటీసు వెళ్లేది ఖమ్మం ఇంటికే. ఆయన రిటైర్మెంట్ డబ్బుని పందెం పెట్టి ఆయన్నే పికప్ చేసుకోవడానికి బయల్దేరాను నేను!

ఫోన్ చేశా. "నాన్నా, నేను రాలేను. నా లైసెన్స్ సస్పెండ్ అయింది. తాగి నడిపా."

కాసేపు బస్సుల హారన్లే వినిపించాయి. "ఆరింటికి మెట్రో ఉంటదిగా, దాంట్లో వస్తా. నువ్వు మాత్రం కారు ముట్టుకోకు" అన్నారు.

మీది బైకే అయినా నిశ్చింతగా ఉండకండి. హెల్మెట్ లేకున్నా, ట్రిపుల్ రైడింగ్ చేసినా వెయ్యి రూపాయలతో పాటు మూడు నెలల అనర్హత చట్టంలో ఉంది. సస్పెన్షన్ అన్యాయం అనిపిస్తే ఆర్టీఏ ఆర్డర్ అందిన 30 రోజుల్లో అప్పీల్ చేసుకోండి. అంతే గానీ, 'దగ్గరే కదా' అని తాళం తీయకండి. ఫ్రెండ్ లైసెన్స్ సస్పెన్షన్‌లో ఉందని తెలిస్తే వాడికి మీ బైక్ ఇవ్వకండి. అలిగితే అలగనివ్వండి.

ఆ రోజు పెళ్లికి కారు నాన్నే నడిపారు. నేను పక్క సీట్లో కూర్చున్నా. దారి పొడవునా ఆయన ఒక్క మాట అనలేదు. దానికన్నా ఆ పది వేలే తేలిక.