హైవే క్రాస్‌రోడ్లు ఎందుకు ప్రాణాలు తీస్తున్నాయి? యాక్సిడెంట్ అయ్యాక మొదటి గంటలో ఏం చేయాలి?

సంక్రాంతి వస్తే చాలు.. హైదరాబాద్-విజయవాడ హైవే మీద టోల్ గేట్ల దగ్గర కార్ల బారులు ప్రతి టీవీలోనూ కనిపిస్తాయి. ఎన్ని గంటలు ఆగిపోయారు, ఎన్ని బండ్లు వెళ్లాయి అన్నదే ఆ మూడు రోజులు పెద్ద వార్త. కానీ ఈ రోడ్డులో అసలు భయపడాల్సిన చోట్లు వేరే ఉన్నాయి. ఊరి పేరు రాసిన ఓ బోర్డు, పక్కన టీ కొట్టు, పంక్చర్ షాపు, డివైడర్ మధ్యలో బండి పట్టేంత గ్యాప్.. అదే క్రాస్‌రోడ్.

ఈ 65వ నంబర్ జాతీయ రహదారిపై 17 బ్లాక్ స్పాట్లను గుర్తించి, 2024లో వాటిని సరిచేసే పనులు మొదలుపెట్టారు. చిట్యాల, పెద్దకాపర్తి, కట్టంగూర్, టేకుమట్ల, ముకుందాపురం, కొమరబండ క్రాస్‌రోడ్.. జాబితాలో ఉన్న పేర్లు ఇలాంటివే. ఊళ్లోకి దారి చీలే చోట్లు, లేదా హైవేని దాటాల్సిన చోట్లు. ఘాట్ రోడ్లు కాదు, ప్రమాదకరమైన మలుపులూ కాదు.

బ్లాక్ స్పాట్ అంటే ఏంటి? కేంద్రం లెక్క ప్రకారం సుమారు 500 మీటర్ల రోడ్డులో మూడేళ్లలో ఐదు తీవ్ర ప్రమాదాలైనా జరగాలి, లేదా పది మందైనా చనిపోవాలి. అంటే ఒక చోటికి ఆ పేరు రావాలంటే ముందు శవాలు లేవాలన్నమాట. అప్పటిదాకా అది మామూలు క్రాస్‌రోడ్డే!

2022లో రోడ్డు ప్రమాదాల్లో తెలంగాణలో 7,559 మంది, ఏపీలో 8,293 మంది చనిపోయారు. దేశం మొత్తం మీద ఆ ఏడాది మృతులు 1,68,491 మంది.

మూడు, నాలుగు సెకన్ల లెక్క

డివైడర్ ఉన్న నాలుగు లేన్ల హైవేపై కార్లకు గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్లు. అంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. డివైడర్ గ్యాప్‌లో ఆగి ఉన్న బైకు రెండు లేన్లు దాటి అవతలి అంచు చేరడానికి మూడు, నాలుగు సెకన్లు పడుతుంది. ఆ టైంలో కారు దాదాపు 100 మీటర్లు వచ్చేస్తుంది. బైకు మీద ఉన్నాయనకు "ఇంకా దూరంగానే ఉంది కదా" అనిపించిన కారే, ఆయన రెండో లేన్‌లోకి వచ్చేసరికి మీద పడుతుంది. రాత్రి పూట ఇంకా కష్టం. కనిపించేది హెడ్‌లైట్ వెలుగు మాత్రమే, దాన్ని చూసి వేగం అంచనా వేయడం ఎవరి వల్లా కాదు. వడ్ల లోడుతో వెనక లైటు కూడా లేని ట్రాక్టర్ ట్రాలీ అయితే.. దాటడానికి రెట్టింపు సమయం.

దీనికి తోడు చాలా చోట్ల హైవే ఊరి రోడ్డు కంటే ఎత్తుగా ఉంటుంది. కింది నుంచి ఎక్కి వచ్చే బండికి పైన ఏం వస్తోందో అంచు దాకా వస్తే గానీ తెలియదు. డివైడర్ మీద పెంచే గన్నేరు చెట్ల సంగతి మరోటి. ఎదుటి హెడ్‌లైట్ల వెలుగు కళ్లలో పడకుండా అవి మంచి పనే చేస్తాయి. కానీ గ్యాప్ దగ్గర వాటిని కత్తిరించకపోతే దాటడానికి నిలబడ్డ మనిషి కారు డ్రైవర్‌కు కనిపించడు, కారు ఆ మనిషికి కనిపించదు.

మరి గ్యాప్ మూసేస్తే సరిపోతుందా? అధికారులు చేసే మొదటి పని అదే. పొలం రోడ్డుకు అవతల ఉన్న రైతు, రెండు కిలోమీటర్లు ముందుకెళ్లి యూటర్న్ తీసుకుని మళ్లీ వెనక్కి రావాలంటే రాడు. రాంగ్ రూట్‌లో వస్తాడు. తప్పు ఆయనదేనని కేసు రాసుకోవచ్చు.. కానీ అందరూ అదే తప్పు చేస్తుంటే ఆ రోడ్డు గీసిన వాళ్లను కూడా అడగాలి కదా! సర్వీస్ రోడ్డు, ట్రాక్టర్ పట్టేంత అండర్‌పాస్, అందులో వాన నీళ్లు నిలవకుండా డ్రైనేజీ.. ఈ మూడూ కలిసి ఉంటేనే జనం వాటిని వాడతారు. పనులు సాగుతున్నన్నాళ్లూ పెట్టే డైవర్షన్ కూడా ఓ కొత్త జంక్షనే, దానికీ లైట్లు, బ్లింకర్లు కావాలి.

ముందు ఫోన్.. అందులో ఒక మాట తప్పనిసరి

ప్రమాదం జరిగాక మొదటి గంటను మోటారు వాహనాల చట్టమే 'గోల్డెన్ అవర్' అంటోంది. ప్రాణం నిలబెట్టే అవకాశం ఎక్కువగా ఉండే సమయం అది. ఆ గంటలో సగం మన దగ్గర దేనికి పోతుంది? తప్పెవరిది అన్న గొడవకు!

108కి, లేదా 112కి ఫోన్ చేయాలి. జాతీయ రహదారి అయితే 1033 కూడా ఉంది. "సూర్యాపేట దాటాక" అని చెబితే సరిపోదు. పక్కనున్న కిలోమీటరు రాయి మీద నంబర్ చూసి చెప్పాలి. దానికంటే ముఖ్యం.. బండి హైదరాబాద్ వైపు వెళ్లే లేన్‌లో ఉందా, విజయవాడ వైపు వెళ్లే లేన్‌లో ఉందా అన్నది. డివైడర్‌కు అవతల చేరిన అంబులెన్స్ మళ్లీ యూటర్న్ వెతుక్కోవాలి. అక్కడ పోయే ప్రతి నిమిషం దెబ్బ తిన్న మనిషిదే.

అంబులెన్స్ వచ్చేలోపు రెండో ప్రమాదం జరగకుండా చూడాలి. హజార్డ్ లైట్లు వేసి, ఇంజిన్ ఆపి, వెనక దూరంగా ఎర్ర త్రికోణం పెట్టాలి. లేకపోతే చెట్టు కొమ్మయినా సరే. మనుషులు రోడ్డు మీద గుంపుగా నిలబడితే వెనక వచ్చే లారీ వాళ్లనూ తొక్కేస్తుంది. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకోవాలి. నోట్లో నీళ్లు పోయొద్దు. మెడకో, వెన్నుకో దెబ్బ తగిలి ఉండొచ్చు, అందుకే మంట లాంటి ప్రమాదం లేకపోతే లాగి ఆటోలో కుక్కొద్దు.

సాయం చేస్తే కేసు అవుతుందా?

అవ్వదు. ఈ భయం పాతది, చట్టం మారింది. సాయం చేసినవాళ్లకు సంబంధించిన మార్గదర్శకాలను సుప్రీంకోర్టు 2016 మార్చి 30న తప్పనిసరి చేసింది. 2019 సవరణతో సెక్షన్ 134ఏ వచ్చింది. మంచి మనసుతో సాయం చేసిన వ్యక్తిపై సివిల్ కేసూ పెట్టరు, క్రిమినల్ కేసూ పెట్టరు. పేరు, ఫోన్ నంబర్ ఇవ్వమని బలవంతం చేయకూడదు. గోల్డెన్ అవర్‌లో ఆసుపత్రికి చేర్చినవాళ్లకు కేంద్రం ఇచ్చే బహుమతిని 2025లో రూ.5 వేల నుంచి రూ.25 వేలకు పెంచారు.

డబ్బు కట్టనిదే చేర్చుకోం అనే మాటకూ ఇప్పుడు జవాబుంది. 2025 మే 5న కేంద్రం క్యాష్‌లెస్ పథకాన్ని నోటిఫై చేసింది. రోడ్డు ప్రమాద బాధితుడికి, ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల వరకు, రూ.1.5 లక్షల దాకా చికిత్స ఉచితం. పథకం కింద గుర్తించిన ఆసుపత్రి కాకపోయినా ప్రాణం నిలబెట్టే చికిత్స వరకు చేయాల్సిందే. అయితే ఒక సంగతి.. ఈ పథకం తేవాలని చెప్పిన సెక్షన్ 2022 ఏప్రిల్ 1 నుంచే అమల్లో ఉంది. సుప్రీంకోర్టు 2025 జనవరిలో గడువు పెట్టి మరీ అడిగితే గానీ కదల్లేదు. ఆ మూడేళ్లలో గాయపడిన వాళ్లు సొంత డబ్బే పెట్టుకున్నారు.

డ్రైవర్ ఆగాలా, పారిపోవాలా?

ఆగాలి. గాయపడ్డవాళ్లకు వైద్యం అందేలా చూడటం, 24 గంటల్లోపు పోలీసులకు చెప్పడం సెక్షన్ 134 కింద డ్రైవర్ బాధ్యత. జనం కొట్టడానికి వస్తే? చట్టం రాసినవాళ్లకూ ఆ సంగతి తెలుసు. జనాగ్రహం వల్ల ఆగలేకపోతే అని అందులోనే మినహాయింపు ఉంది. అలాంటప్పుడు అక్కడి నుంచి వెళ్లి నేరుగా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కు పోవాలి, దారిలోనే 112కి చెప్పాలి. చెప్పకుండా పోతే అది హిట్ అండ్ రన్. నిర్లక్ష్యంతో మనిషి చనిపోతే కొత్త న్యాయ సంహితలో ఐదేళ్ల దాకా జైలు. పారిపోతే పదేళ్లు అన్న నిబంధనపై 2024 జనవరిలో లారీ డ్రైవర్లు సమ్మెకు దిగడం, పెట్రోల్ బంకుల దగ్గర క్యూలు కట్టడం గుర్తుండే ఉంటుంది. ఆ ఏడాది జులై 1న కొత్త చట్టం అమల్లోకి వచ్చినా, ఆ ఒక్క నిబంధనను మాత్రం పక్కన పెట్టారు.

రోడ్డు పక్కన రాజీ.. అసలు నష్టం అక్కడే

ఊళ్ల దగ్గర ఎక్కువగా జరిగేది ఇదే. పెద్దమనుషులు వస్తారు, పదో ఇరవయ్యో వేలు చేతిలో పెట్టిస్తారు, కేసు లేకుండా పంపిస్తారు. లోపల రక్తస్రావం, తలకు తగిలిన దెబ్బ మర్నాడు బయటపడితే? ఎఫ్ఐఆర్ లేదు, ఆసుపత్రిలో ప్రమాదం కేసుగా రాయలేదు. బీమా కంపెనీ ముందు నిరూపించడానికి కాగితం ముక్క ఉండదు. అందుకే బండ్లు పక్కకు తీయకముందే నాలుగు ఫోటోలు తీయాలి.. నంబర్ ప్లేట్లు, బండ్లు ఆగిన తీరు, టైర్ల గీతలు, డివైడర్ గ్యాప్. మనిషికి దెబ్బ తగిలితే ముందు మనిషి, తర్వాతే ఫోటో.

ట్రైబ్యునల్‌లో పరిహారం కోసం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు దరఖాస్తు చేయాలని చట్టంలో ఉంది. దీన్ని సవాలు చేస్తూ పిటిషన్లు సుప్రీంకోర్టుకు వెళ్లాయి గానీ, వాటిని నమ్ముకుని ఆలస్యం చేయడం మంచిది కాదు. గుద్దిన బండి దొరక్కపోయినా దారి ఉంది. మనిషి చనిపోతే రూ.2 లక్షలు, తీవ్ర గాయాలైతే రూ.50 వేలు కేంద్ర నిధి నుంచి వస్తాయి. దరఖాస్తు రెవెన్యూ అధికారికి ఇవ్వాలి. చాలా కుటుంబాలకు ఈ సంగతే తెలియదు, "బండి దొరకలేదు కదా" అని ఊరుకుంటారు.

ప్రమాదం జరగగానే క్రాస్‌రోడ్‌కు ముందు పరిగెత్తేది టీ కొట్టు ఆయన, పంక్చర్ షాపు కుర్రాడు. పోలీసులు, అంబులెన్స్ వాళ్ల తర్వాతే. ఇదే చోట మళ్లీ ప్రమాదం జరుగుతుందని బ్లాక్ స్పాట్ జాబితా రాసిన అధికారులకూ తెలుసు. అయినా ఆ కొట్టు ఎదురుగా ఉన్న బోర్డు మీద ఊరి పేరు, దూరం తప్ప ఏమీ ఉండదు. కిలోమీటరు నంబర్, ఏ లేన్ ఎటు వెళ్తుంది, 108, 1033, క్యాష్‌లెస్ చికిత్స ఇచ్చే దగ్గర్లోని ఆసుపత్రి పేరు.. ఈ ఐదింటినీ దాని కింద తెలుగులో రాయించడానికి అండర్‌పాస్ పూర్తయ్యేదాకా ఆగాల్సిన పని లేదు.