రెండో షెడ్డు కంటే ముందు రెండో మేస్త్రీ కావాలి



మన గ్రూపులో ఎప్పుడు చూసినా డీఎస్సీ, గ్రూప్-2, కానిస్టేబుల్ నోటిఫికేషన్ల మాటే. అది తప్పని నేను అనను. కానీ మన తాండాల్లో, కాలనీల్లో ఐటీఐ చేసినోళ్లు, పదో తరగతితో ఆపేసినోళ్లు ఎంతమంది పానా పట్టుకుని బతుకుతాండారో కూడా మాట్లాడుకోవాల. కర్నూలు నుంచి డోన్ మీదుగా బెంగళూరు పోయే 44వ నంబరు హైవే, నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా కడప పోయే 40వ నంబరు హైవే పక్కన షెడ్లు చూడండి. బేతంచెర్ల బండల లారీలు, ఎర్రగుంట్ల సిమెంటు లారీలు రిపేరుకు ఆగేది అట్లాంటి చోట్లనే. ఆ షెడ్లలో హెల్పర్లుగా చేరిన మనోళ్లు కొందరు ఇప్పుడు సొంతంగా పెట్టుకుంటాండారు. కొందరైతే ఏడాది తిరగకముందే రెండోది, మూడోది తెరుస్తాండారు. సంతోషమే. కానీ షెడ్లు పెరిగినంత వేగంగా మేస్త్రీలు తయారుకాకపోతే, మొదటి షెడ్డు తెచ్చిన పేరును రెండో షెడ్డు పోగొడతాది.

"కంపెనీ కల్చర్" అంటే ఏదో పెద్ద మాట అనుకుంటాం. షెడ్డు భాషలో చెప్తే చాలా సులువు. మేస్త్రీ లేనప్పుడు హెల్పర్ ఏం చేస్తాడో అదే ఆ షెడ్డు కల్చర్. విప్పిన పాత క్లచ్ ప్లేటు డ్రైవరన్నకు చూపిస్తాడా, పక్కకు తోసేస్తాడా? బోల్టు సరిగ్గా కూర్చోకపోతే మళ్లీ విప్పుతాడా, గ్రీజు పూసి పంపించేస్తాడా? "నమ్మకమే మా పెట్టుబడి" అని గోడ మీద రాయిస్తే ఇది రాదు. మంచి మేస్త్రీ పక్కన రెండు మూడేండ్లు నిలబడితే వస్తాది.

ఇది పట్టించుకోకుండా పెరిగితే ఏమైతాదో పెద్ద పెద్ద కంపెనీలే చూపించినాయి. అమెరికాలో సియర్స్ కంపెనీకి వందల ఆటో సెంటర్లు ఉండేవి. కాలిఫోర్నియా అధికారులు మామూలు కస్టమర్ల మాదిరి కార్లు తీసుకుపోయి పరీక్షించారు. 38 సార్లు పోతే 34 సార్లు అవసరం లేని పని చేసి బిల్లు వేశారు. 1992లో ఇది బయటపడింది. కారణం ఏందంటే, రోజుకు ఇన్ని పార్టులు అమ్మాలని టార్గెట్, అమ్మినదాని మీద కమిషన్. గొడవైనాక కస్టమర్లతో మాట్లాడే సర్వీస్ అడ్వైజర్లకు ఆ కమిషన్ తీసేశారు. మన దేశంలో గోమెకానిక్ 2016లో మొదలై, ఇన్వెస్టర్ల డబ్బుతో ఎన్నో నగరాలకు పాకింది. 2023 జనవరిలో లెక్కలు తప్పుగా చూపించామని ఆ కంపెనీ పెట్టినోళ్లే ఒప్పుకున్నారు. దాదాపు 70 శాతం ఉద్యోగులను తీసేస్తున్నట్లు ప్రకటించారు. పైనోళ్లు పెరుగుదల కోసం లెక్కలు మారిస్తే, కింద పానా పట్టినోడి బతుకు రోడ్డున పడింది.

ఆ సియర్స్ మెకానిక్‌లు పుట్టుకతో దొంగలా? కాదు. జీతం లెక్క కట్టిన పద్ధతి వాళ్లను అట్లా తయారు చేసింది. పుట్టుకతో దొంగలు అనే మాట ఎంత అబద్ధమో మనకంటే బాగా ఎవరికి తెలుసు? 1871లో మొదలైన నేరస్థ తెగల చట్టాల కింద సుగాలీల మీద, ఎరుకలోళ్ల మీద ఆ ముద్రే వేశారు. చట్టం 1952లో రద్దయింది గానీ ఆ చూపు ఇంకా పూర్తిగా పోలేదు. వేరేవాడి షెడ్డులో మోసం జరిగితే "ఆ మేస్త్రీ మంచోడు కాదు" అంటారు. మన షెడ్డులో జరిగితే "వాళ్లంతే" అంటారు. ఇది అన్యాయం. అయినా మనం లెక్కలో పెట్టుకోక తప్పదు. ఒక్క షెడ్డు పేరు పోతే, తర్వాత షెడ్డు పెట్టబోయే తాండా పిల్లోడికి కూడా దెబ్బే.

మరి పెరగకూడదా? పెరగాల. విజయవాడ జవహర్ ఆటోనగర్ చూడండి. 1960ల్లో మొదలై, దేశంలోనే పేరున్న ఆటో కేంద్రం అయింది. అక్కడ ఒకే కంపెనీ వందల బ్రాంచీలు తెరవలేదు. ఒకరు ఇంజన్ పని, ఒకరు కమాన్ కట్టలు, ఒకరు టింకరింగ్, ఒకరు లేత్, ఒకరు బాడీ బిల్డింగ్. ఒక షెడ్డులో పని నేర్చినోడు ఇంకో షెడ్డు పెట్టుకుంటాడు. ముందు మనిషి తయారైతాడు, తర్వాత షెడ్డు వస్తాది. మనం పట్టుకోవాల్సింది ఈ వరసనే.

అయితే పాత షెడ్డు పద్ధతి అంతా కాపాడుకోవాలని నేను చెప్పడం లేదు. పన్నెండేండ్ల పిల్లోడిని "పని నేర్పిస్తాం" అని జీతం లేకుండా ఉంచుకోవడం, పానాతో కొట్టడం, కులం పేరుతో పిలవడం, వేరే గ్లాసులో టీ ఇవ్వడం, ఇవి కూడా ఒక కల్చరే. మనోళ్లు ఎంతోమంది దాన్ని దాటుకునే మేస్త్రీలైనారు. 14 ఏండ్లు నిండని పిల్లలను పనిలో పెట్టుకోవడం చట్టప్రకారం నేరం. మన షెడ్డులో కూడా అదే జరిగితే, ఓనర్ మారినాడే గానీ పద్ధతి మారలేదు.

"ఇప్పుడు లోన్ వస్తాంది, మనం ఆగితే డబ్బున్నోడు పక్కనే షెడ్డు పెడతాడు" అని కొందరు అన్నలు అంటారు. ఆ భయం నిజమే. కానీ పీఎంఈజీపీ నిబంధనలు చూడండి. ఎస్టీలకు పల్లెలో 35 శాతం, పట్నంలో 25 శాతం సబ్సిడీ ఉంది. ఆ సబ్సిడీ మూడేండ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉంటాది. షెడ్డు నడిస్తేనే అది మన అప్పులోకి జమ అవుతాది. విస్తరణకు రెండో లోన్ కూడా ఆ తర్వాతే. అంటే మూడేండ్లు ఎట్లాగూ మొదటి షెడ్డును నిలబెట్టాల్సిందే. ఆ మూడేండ్లలోనే ఒక మేస్త్రీని తయారు చేసుకోవచ్చు. వడ్డీకి తెచ్చి తొందరగా రెండోది తెరిస్తే, నెలనెలా కంతు కట్టడానికి బిల్లు పెంచాల్సి వస్తాది. మోసం మొదలయ్యేది అక్కడే.

నా మాట ఇంతే. బిల్లు మీద పర్సెంటేజీ ఎవరికీ ఇవ్వొద్దు, తేదీకి జీతం ఇవ్వండి, ఏడాది చివర లాభంలో వాటా ఇవ్వండి. పని మొదలుపెట్టకముందే రేటు చెప్పండి, పాత పార్టు బండాయన చేతిలో పెట్టండి. స్పేర్ల అంగడి ఇచ్చే కమిషన్ దాచకుండా పుస్తకంలో రాయండి. రెండో షెడ్డుకు బయట నుంచి మేనేజర్‌ను తేవొద్దు. మొదటి షెడ్డులో మీ పక్కన నిలబడి పని నేర్చినోడికి వాటా ఇచ్చి అప్పగించండి. అట్లాంటోడు ఇంకా తయారు కాలేదంటే, రెండో షెడ్డుకు ఇంకా టైం రాలేదని అర్థం.

షెడ్లు నడుపుతున్న అన్నలు మన గ్రూపులోనే ఉండారు. మీ దగ్గర హెల్పర్‌గా చేరి ఇప్పుడు మేస్త్రీ అయినోళ్లు ఎంతమంది? కింద రాయండి. ఐటీఐలో ఉన్న తమ్ముళ్లు ఎవరి దగ్గర చేరాలో ఆ లెక్క చూసి తెలుసుకుంటారు.