మన బాకీకి వడ్డీ, సర్కారు బాకీకి వాయిదా

ఉస్మానియా యూనివర్సిటీ హాస్టళ్లలో, తార్నాక అద్దె గదుల్లో ఉండి చదువుకుంటున్న వాళ్లలో రైతుల పిల్లలు, కూలీల పిల్లలు ఎంతోమంది. వాళ్ల ఫీజు రీయింబర్స్‌మెంటు ఆగితే అది విద్యార్థుల గొడవట. వడ్ల పైసలు ఆగితే రైతుల గొడవట. పాలకులకు ఇలా విడగొట్టి చూడటం సుఖంగానే ఉంటుంది. కానీ ఇల్లు ఒక్కటే కదా!

2008లో ఫీజు రీయింబర్స్‌మెంటు మొదలైనప్పుడు ఎన్నో ఇళ్లలో మొదటిసారి పెద్ద చదువు ఆశ పుట్టింది. ఇప్పుడు చదువు అయిపోయినా, ఫీజు బాకీ తీరనిదే సర్టిఫికెట్లు ఇవ్వని కాలేజీలు ఉన్నాయి. బాకీ సర్కారుది. కట్టేది తండ్రి. నూటికి రెండు, మూడు రూపాయల మిత్తికి షావుకారు దగ్గర తెచ్చి కడతాడు. అంటే సర్కారు అప్పు మన నెత్తికెక్కింది, మిత్తితో సహా.

మనం కట్టాల్సి వస్తే మాత్రం తేదీ అంటే తేదీయే. మూడు లక్షల లోపు పంట రుణం గడువులో కడితే 4 శాతం వడ్డీ. గడువు దాటితే 3 శాతం రాయితీ పోయి 7 శాతం. మూడు లక్షల మీద ఏడాదికి 9,000 రూపాయలు! ‘వడ్ల పైసలు ఇంకా పడలేదు సారూ’ అంటే బ్యాంకు వింటుందా?

ఆలస్యానికి వడ్డీ ఇవ్వడం కొత్త సంగతేమీ కాదు. 1966 నాటి చెరకు ఉత్తర్వు ప్రకారం మిల్లు 14 రోజుల్లో డబ్బు ఇవ్వకపోతే ఏడాదికి 15 శాతం వడ్డీ ఇవ్వాలి. మిల్లులు ఎగ్గొడుతున్నాయి, నిజమే. అడగడానికి ఒక కాగితమైనా ఉంది. ఆదాయపన్ను రీఫండ్ ఆలస్యమైతే నెలకు అర శాతం వడ్డీ వస్తుంది. మరి సర్కారు కొన్న వడ్లకు? 48 గంటల్లో వేస్తామన్న మంత్రుల మాట తప్ప ఏమీ లేదు. 2025 యాసంగి సన్నాలకు క్వింటాకు 500 బోనస్ కోసం నెలల తరబడి ఎదురుచూశాం. ఆ నెలలకు ఒక్క పైసా వడ్డీ రాలేదు.

నాకా అంటే చెక్‌పోస్టు. తార్నాక పేరులో ఒక్క నాకాయే ఉంది, మన రూపాయికి దారి పొడవునా నాకాలే: ట్యాబ్ ఎంట్రీ, ట్రక్ షీట్, ఆధార్ లింకు.

ఖజానా ఖాళీ అంటారు. ఖాళీ అయినా కొందరి బిల్లులు ముందే కదులుతాయి. మన బిల్లు ఆపితే సర్కారుకు నష్టం లేదు కాబట్టే అది వరుసలో చివరికి పోతోంది. ఆలస్యమైన ప్రతి రోజుకూ వడ్డీ కట్టాల్సి వస్తే ఆర్థిక శాఖే మన ఫైలు వెతుక్కుంటుంది.

అందుకే మనం అడగాల్సింది దయ కాదు, గడువు. వడ్లకు, బోనస్‌కు, ఫీజులకు చెల్లింపు తేదీ చట్టంలో రాయాలి. దాటితే పంట రుణం మీద మన దగ్గర తీసుకునే 7 శాతమే మనకూ ఇవ్వాలి. సర్కారు బాకీకి పిల్లల సర్టిఫికెట్లు ఆపడం నేరం కావాలి.

కాంటా అయిన రోజే తేదీ వేసిన రసీదు తీసుకోండి. గడువు దాటితే సోమవారం ప్రజావాణిలో దరఖాస్తు ఇవ్వండి, రోజుల లెక్కతో సహా. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే వాళ్ల ఫీజు బకాయి కాగితం కూడా దానికే జత చేయండి.