సంపాదకుని మాట: ఒక్క బంధం తెచ్చే తేడా

ధనుర్మాసపు చలికి కొబ్బరినూనె సీసాలోనే గడ్డకడుతుంది. పక్కనున్న వేరుశనగ నూనె మాత్రం ధారగానే ఉంటుంది. రెండూ ట్రైగ్లిజరైడ్లే: ఒక గ్లిజరాల్‌కు మూడు కొవ్వు ఆమ్లాలు కలిసిన అణువులు. కొవ్వుల్లో ఈ ఆమ్లాలున్నాయని ఫ్రెంచి శాస్త్రవేత్త షెవ్రల్ 1823 నాటి తన గ్రంథంలో వివరంగా చూపాడు.

స్టియరిక్, ఓలియిక్ ఆమ్లాలను తీసుకోండి. రెండింటిలోనూ 18 కార్బన్లే. స్టియరిక్ గొలుసులో కార్బన్ల మధ్య అన్నీ ఏకబంధాలు. అణువులు తిన్నగా ఒకదాన్నొకటి ఒరుసుకుని పేరుకుంటాయి. కరగాలంటే దాదాపు 69 డిగ్రీల వేడి కావాలి. ఓలియిక్‌లో నడుమ ఒక ద్విబంధం ఉంది. అక్కడ గొలుసు వంగుతుంది, అణువులు దగ్గరగా సర్దుకోలేవు, సుమారు 13 డిగ్రీలకే కరుగుతుంది. ఒక్క బంధం ఇంత పని చేయడం నాకు రసాయనశాస్త్రంలో అన్నిటికన్నా అందంగా తోస్తుంది. (కొబ్బరినూనెలో ఇలా అన్నీ ఏకబంధాలే ఉన్న సంతృప్త ఆమ్లాలే ఎక్కువ. అయితే వాటిలో ముఖ్యమైన లారిక్‌కు 12 కార్బన్లే కనుక ఆ నూనె 24 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది.)

నికెల్ సాయంతో నూనెకు హైడ్రోజన్ ఎక్కించి, ద్విబంధాలను ఏకబంధాలుగా మార్చి గట్టిపరిచే పద్ధతికి జర్మనీలో విల్హెల్మ్ నార్మన్ 1902లో పేటెంటు తీసుకున్నాడు. మన వనస్పతి అలా వచ్చిందే. ఆ చర్య సగంలో ఆగితే కొన్ని ద్విబంధాలు వంపు పోయి ట్రాన్స్ రూపంలోకి మారతాయి. ఆ కొవ్వు గుండెకు చేటు. మన దేశంలో నూనెలు, కొవ్వుల్లో దాని పరిమితి 2022 జనవరి నుంచి 2 శాతం.

ఈ సంచిక చదివాక, ఇంట్లోని బిస్కెట్ ప్యాకెట్ వెనక ట్రాన్స్ కొవ్వు ఎంతుందో ఒకసారి చూడండి. పిల్లలకూ చూపించండి.