పువ్వు అందాన్ని బట్టి తిట్టకండి

మా మొవ్వలో కాలవకి నీళ్లు వదిలే ముందు ఏటా ఒకటే గొడవ: గుర్రపుడెక్క తీశారా, లేదా? తీయకపోతే శివారు పొలాలకి నీరెక్కదు, నారుమళ్లు ఎండుతాయి. దాన్ని తిట్టడం న్యాయమే. కానీ అదే కాలవగట్టు మీద నడుమెత్తు పెరిగిన వయ్యారిభామ జోలికి ఎవరూ పోరు. నన్నడిగితే ఇంటికి ఎక్కువ చేటు దానితోనే.

చూడ్డానికి గుర్రపుడెక్కే అందగత్తె. లేత ఊదా రేకులు, పై రేకు మీద నెమలికన్నులాంటి పసుపు మచ్చ. కాడలో గాలి నిండి ఉంటుంది కాబట్టి తేలుతుంది. రెండోది దానికి చుట్టం కూడా కాదు, చేమంతి కుటుంబానిది. మనం పువ్వనుకునే తెల్లచుక్క నిజానికి బోలెడు చిట్టిపూల గుత్తి. 1950ల్లో పుణెలో కనపడి దేశమంతా పాకింది. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది. పక్కనే కూచిపూడి, భామాకలాపం పుట్టిన నేల. దీనికి భామ అని పేరెవరు పెట్టారో గానీ నాకు మాత్రం కోపం.

ఆకు మాచిపత్రిలా ఉంటుంది. నిరుడు వినాయక చవితి పత్రిలో మాచిపత్రని ఇదే కట్టిచ్చారు. వాసన చూస్తే తెలిసేదే, హడావుడిలో చూడలేదు. మర్నాటికి మణికట్ల నిండా దద్దుర్లు. నాకు వారంలో తగ్గాయి. మా దొడ్డి బాగుచేసే ఆమెకి తగ్గలేదు. ఏళ్ల తరబడి వట్టి చేతులతో పీకి, మోచేతుల దాకా చర్మం నల్లబడి మందమైపోయింది. ఎండకనుకునేదాన్ని. చర్మం డాక్టరు ఈ మొక్కే కారణమన్నారు. కూలిచ్చి, అదీ నిండు పూత మీద, పీకించింది నేనే.

గుర్రపుడెక్కకి యంత్రాలొస్తాయి. ఇది మాత్రం ఆడవాళ్ల చేతులతోనే పోవాలా? పూత రాకముందే, వాన పడి నేల మెత్తబడ్డాక వేళ్లతో తీయించాలి. పీకేవాళ్లకి చేతితొడుగులు, నిండు చేతుల చొక్కా పని చెప్పినవాళ్లే ఇవ్వాలి. "పంచాయతీ చూసుకుంటుందిలే" అంటారు మా ఆయన. అది చూసుకునేదాకా ఎవరి చేతులండీ?

ఈ జూన్‌లో రెండు జతల గ్లౌజులు కొన్నాను. ఆమె ఒక్క పూట వేసుకుని తీసేసింది. "వీటితో వేరు దొరకట్లేదమ్మా" అంది. నేనూ వేసుకుని చూశాను, నిజమే. ఇప్పుడు పల్చటివి వెతుకుతున్నాను.